వంద దాకా అప్పజెప్పే పిల్లవాడు ఆరు చెంచాలు ఎందుకు తేలేకపోతున్నాడు?

నమస్కారం అమ్మా. మద్దిలపాలెం నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ బాబుకు నాలుగేళ్ల మూడు నెలలు. ఎల్‌కేజీ చదువుతున్నాడు. ఒకటి నుంచి వంద దాకా ఇంగ్లిషులో తడుముకోకుండా అప్పజెబుతాడు, యాభై దాకా గళ్ల పుస్తకంలో రాస్తాడు, కానీ వంటింట్లోంచి ఆరు చెంచాలు తెమ్మంటే గుప్పెడు పట్టుకొచ్చి మీ చేతిలో పెడతాడు. బడిలో అడిగితే ఇంట్లో ఇంకా ఎక్కువ రాయించమన్నారు. ఆటలతో, చిన్న చిన్న సమస్యలతో లెక్కలు నేర్పవచ్చని మీరు ఎక్కడో విన్నారు. అది నిజమేనా, అలా చేస్తే బాబు తోటివాళ్లకంటే వెనకబడతాడా, ఇంట్లో ఏం చేయాలి అని అడిగారు. విశాఖలో ఇరవై ఆరేళ్లు పసిపిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తరువాత అంగన్‌వాడీ కార్యకర్తలకూ ఒకటి, రెండు తరగతుల టీచర్లకూ శిక్షణ ఇస్తున్నాను కనుక, ఆ అనుభవంలో నాకు గట్టిగా తెలిసిన సంగతులను కొంచెం విపులంగానే రాస్తాను.

ముందు మీ భయం గురించి. మీరు రాసినదాన్నిబట్టి బాబులో లోపమేమీ కనబడటం లేదు. అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు, ఎన్ని ఉన్నాయో తెలియడం వేరు. వంద దాకా చెప్పడం అతనికి ఒక పాటలాంటిది. ఆ పాటలో "ఫైవ్" తరువాత "సిక్స్" వస్తుందని తెలుసు, కానీ ఆ మాటకు ఇన్ని చెంచాలని అర్థం ఉందని ఇంకా తెలియదు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కరెన్ విన్ 1990లో ప్రచురించిన పరిశోధనలో, మీరు బాబుకు చెప్పినటువంటి పనినే పిల్లల చేత చేయించి చూశారు. బొమ్మల కుప్ప ముందు పెట్టి ఒకటి ఇవ్వమని, మూడు ఇవ్వమని, ఐదు ఇవ్వమని అడిగారు. ఈ దారిలో పిల్లలు మొదట ఒకటి మాత్రమే సరిగ్గా ఇచ్చి, మిగతా ఏ సంఖ్య అడిగినా గుప్పెడు తీసి ఇస్తారు. కొన్ని నెలలకు రెండు, మరికొన్ని నెలలకు మూడు తెలుస్తాయి. ఆ మూడో నాలుగో దాటిన తరువాత మాత్రం ఒక్కో సంఖ్యనూ విడిగా నేర్చుకోవలసిన అవసరం తీరిపోతుంది, ఎందుకంటే లెక్కపెడుతూ పోయి ఆగిన చోట వచ్చిన మాటే జవాబని అప్పటికి వాళ్లకు బోధపడుతుంది. అందుచేత గుప్పెడు చెంచాలు తేవడం మొండితనమూ కాదు, మందబుద్ధీ కాదు. పిల్లలందరూ నడిచే దారిలో అదొక మజిలీ.

కాబట్టి ఆరుతో మొదలుపెట్టవద్దు. రేపు ఏదో ఒక వేళ, పరీక్షలా కాకుండా పనిలో పనిగా, రెండు ఉల్లిపాయలు అందించమనండి. ఇంకొకసారి మూడు, మరొకసారి నాలుగు అడగండి. ఎక్కడ గుప్పిట నిండుతుందో అదే అతనికి ఇప్పుడు నేర్పవలసిన చోటు. మూడు దాకా సరిగ్గా ఇచ్చి నాలుగు దగ్గర తడబడితే, మీ పని నాలుగు, ఐదులతోనే. యాభై దాకా రాస్తున్నవాడికి నాలుగు నేర్పడమేమిటని ఇంట్లో పెద్దలు అనవచ్చు. అననివ్వండి, పునాది అక్కడే ఉంది.

లెక్కపెట్టడంలో ఎన్ని సంగతులు ఇమిడి ఉన్నాయో 1978లో రోషెల్ గెల్‌మన్, రాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు విడదీసి చూపారు. నేను దాన్ని శిక్షణలో చింతపిక్కలతో వివరిస్తాను. ఒక్కొక్క పిక్కకు ఒక్కొక్క మాటే పడాలి. పిల్లవాడి వేలు ఒక పిక్క మీద ఉండగానే నోరు రెండు మాటలు దాటిపోవడం మీరు చూసే ఉంటారు. మాటల వరుస ప్రతిసారీ ఒకటే కావాలి. చివర పలికిన మాట చివరి పిక్కకు పేరు కాదు, మొత్తం పిక్కల సంఖ్య. పిక్కలనే కాదు, మెట్లనైనా, చప్పట్లనైనా, వినబడిన గంటలనైనా లెక్కపెట్టవచ్చు. ఏ చివర నుంచి మొదలుపెట్టినా జవాబు మారదు. ఈ ఐదింటిలో మీ బాబుకు మాటల వరుస ఒక్కటే గట్టిగా వచ్చింది, ఎందుకంటే బడిలోనూ ఇంట్లోనూ అందరూ అడిగింది అదొక్కటే. మూడవ సంగతి అన్నిటికంటే సూక్ష్మమైనది. బాబు ఐదు పిక్కలు సరిగ్గా లెక్కపెట్టాక "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడిగి చూడండి. "ఐదు" అనకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెడితే, అతని దృష్టిలో మీ ప్రశ్నకు అర్థం "లెక్కపెట్టు" అనే కానీ "మొత్తం చెప్పు" అని కాదన్నమాట. అప్పుడు మీరే పిక్కల చుట్టూ వేలితో ఒక గీత గీసి "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మొత్తం ఐదు" అని చెప్పండి. ఆ గీతా, ఆ "మొత్తం" అనే మాటా రోజుకు నాలుగైదుసార్లు వినబడితే చాలు.

అంకెను గుర్తుపట్టడం కూడా ఇలాంటిదే. బస్టాపులో నిలబడి 28 నంబరు బస్సును చూపించే పిల్లవాడిని చూసి మనమంతా మురిసిపోతాం. ఆ 28 సింహాచలం వెళ్లే బస్సుకు పేరు మాత్రమే, అక్కడ ఇరవై ఎనిమిది వస్తువులేవీ లేవు. పేరుగా తెలిసిన అంకెకు పరిమాణంగా కూడా అర్థం తెలియడానికి వేరే శ్రమ కావాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. "ఆరు చెంచాలు తే" అనడం ఒక ఆజ్ఞ. అది సరిగ్గా జరిగిందో లేదో పిల్లవాడికి తెలియదు, మీకే తెలుసు. "ఈ పూట మనం ఎంతమందిమి తింటున్నామో చూడు, అందరికీ చెంచాలు సరిపోవాలి" అనడం ఒక సమస్య. అందులో చెంచా చాలకపోతే ఎవరో ఒకరు చెయ్యి చాపి అడుగుతారు, ఎక్కువైతే చేతిలో మిగిలిపోతాయి. అంటే తప్పు ఒప్పులను చెప్పే అధికారం మీ చేతిలోంచి ఆ పరిస్థితి చేతిలోకి పోయింది. చిన్న వయసులో లెక్కలు నేర్పడం గురించి నేను తెలుసుకున్నదంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను: సంఖ్య అవసరమయ్యే పరిస్థితిని కల్పించాలి, ఆ అవసరం పిల్లవాడిదే కావాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. నేను పనిచేసిన బడిలో మధ్యాహ్నం పళ్లేలు పెట్టే పని పిల్లలకే వంతులవారీగా అప్పగించేవాళ్లం. హార్బరు వైపు నుంచి వచ్చే నాలుగున్నరేళ్ల పాప ఒకతె, తన వంతు వచ్చిన మొదటి రోజు ఒక పళ్లెం తెచ్చి మొదటి బాబు ముందు పెట్టి, మళ్లీ అల్మరా దాకా వెళ్లి ఇంకొకటి తెచ్చి, చాప మీద కూర్చున్న ఏడుగురి కోసం ఏడుసార్లు నడిచింది. ఒకేసారి లెక్కపెట్టి తేవచ్చు కదా అని నా నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. మూడో రోజుకు తనకే విసుగు వచ్చి, చేతికందినన్ని పళ్లేలు ఎత్తుకొచ్చి పంచింది. రెండు మిగిలాయి. వాటిని గుండెకు ఆనించుకుని కాసేపు నిలబడి "ఎక్కువైపోనాయి టీచర్" అంది. ఎన్ని ఎక్కువయ్యాయని అడిగితే లెక్కపెట్టకుండానే, చూపుతోనే "రెండు" అంది. తరువాతి వారం అల్మరా దగ్గర నిలబడి, కూర్చున్న ఒక్కొక్కరి వైపూ చూస్తూ, ఒక్కొక్క పేరు పలుకుతూ, ఒక్కొక్క పళ్లెం దొంతి మీద పెట్టుకుంది. ఆ రోజు ఒక్కటీ మిగలలేదు, ఒక్కటీ తక్కువ కాలేదు. ఇంకొక పది రోజులకు పేర్ల చోటికి ఒకటి, రెండు, మూడు వచ్చాయి. నేను అనుకున్నట్టు మొదటి రోజే చెప్పి ఉంటే ఆ పాప నా మాట విని ఏడు దాకా లెక్కపెట్టి ఉండేది, కానీ పేర్ల బదులు అంకెలు వాడవచ్చన్న సంగతి తనంతట తాను కనిపెట్టే అవకాశం పోయేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలా ఎంతోమంది పిల్లలకు ముందే చెప్పేశాను. ఆ సంగతి గుర్తుకు వస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తెలుగు పిల్లలకు ఇక్కడ ఇంకొక మెలిక ఉంది, దాన్ని పెద్దలు గమనించరు. వస్తువులు రెండు, మూడు, నాలుగు. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. కాబట్టి "ముగ్గురికి మూడు పళ్లేలు" అన్నప్పుడు పిల్లవాడు రెండు వేర్వేరు మాటల వెనుక ఉన్న ఒకే సంఖ్యను పట్టుకోవాలి. మొదట్లో ఇది తికమకగానే ఉంటుంది, కానీ ఆ తికమక తీరే క్రమంలోనే సంఖ్య అనేది వస్తువుకు అంటిపెట్టుకుని ఉండదన్న సంగతి అర్థమవుతుంది. అందుచేత ఈ మాటలను సరళం చేసి "మూడు పిల్లలు" అని చెప్పవద్దు. భోజనాల దగ్గర, ఆటోలో కూర్చునేటప్పుడు, పేరంటానికి తాంబూలాలు సర్దేటప్పుడు "ఐదుగురు వచ్చారు, ఐదు తమలపాకుల జతలు కావాలి" అని రెండు మాటలనూ పక్కపక్కనే వినిపించండి.

సమస్య అనగానే కూడికలు, తీసివేతలు రావాలేమో, అవి రాకుండా సమస్యలు ఎలా ఇస్తామని చాలామంది టీచర్లు అడుగుతారు. క్రమం అందుకు తిరగబడి ఉంటుంది. అమెరికాలో థామస్ కార్పెంటర్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధనలో 70 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కథల రూపంలో తొమ్మిది సమస్యలు ఇచ్చారు. వాటిలో గుణకారానికీ, భాగహారానికీ చెందినవి కూడా ఉన్నాయి. ఏడాది పొడవునా తరగతిలో ఇటువంటి సమస్యలను తమ పద్ధతిలో చేసుకుంటూ వచ్చిన ఆ పిల్లల్లో 32 మంది తొమ్మిదింటికీ సరైన పద్ధతినే వాడారు. వాళ్లకు ఎక్కాలు రావు. చేతిలో ఉన్న వస్తువులతో కథను యథాతథంగా నటించి చూపారు, అంతే. మీరు కూడా ఇరవై పిక్కలు బాబు ముందు పోసి "మూడు బుట్టలున్నాయి, ఒక్కొక్క బుట్టలో రెండేసి చేపలున్నాయి, మొత్తం ఎన్ని చేపలు?" అని అడిగి చూడండి. మూడు గిన్నెల మూతలు బుట్టలవుతాయి, పిక్కలు చేపలవుతాయి. గుణకారం అనే మాట ఎత్తనవసరం లేదు.

పంపకాల సమస్యలు వీటన్నిటికంటే త్వరగా పిల్లల మనసుకు ఎక్కుతాయి, ఎందుకంటే న్యాయం విషయంలో వాళ్లు చాలా పట్టుదలగా ఉంటారు. ఎనిమిది జంతికలు ఇద్దరికి పంచమనండి, తరువాత నలుగురికి పంచమనండి. ఒక రోజు కావాలనే ఏడు పెట్టి ఇద్దరికి పంచమనండి. మిగిలిన ఒక్కదాన్ని ఏం చేయాలన్నది మీరు చెప్పవద్దు. కొందరు పిల్లలు విరిచి సగం సగం ఇస్తారు, కొందరు "అది అమ్మకి" అంటారు, కొందరు డబ్బాలో తిరిగి పెట్టేస్తారు. ఈ మూడూ సరైన జవాబులే. మొదటిది అర అనే ఊహకు ద్వారం, మిగిలిన రెండూ శేషం అనే ఊహకు ద్వారం. పెద్ద తరగతుల్లో భాగహారం దగ్గర శేషం చూసి బెదిరిపోయే పిల్లలు చాలామంది ఈ జంతికల దశ దాటకుండా అక్కడికి వెళ్లినవాళ్లే.

ఆటల సంగతికి వస్తే, కొత్తగా ఏదీ కొనవలసిన పని లేదు. మేడ మీద సుద్దతో గాని, సాయంత్రం బీచికి వెళితే నీటికి బాగా దూరంగా తడి ఇసుకలో గాని, ఒకే వరుసలో పది గళ్లు గీసి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయండి. ఒక గవ్వ ఎగరవేసి, వెల్లకిలా పడితే ఒక గడి, బోర్లా పడితే రెండు గళ్లు ముందుకు జరగాలి. ఇది చూడటానికి మరీ చిన్న ఆట, కానీ రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో పేద కుటుంబాల నాలుగైదేళ్ల పిల్లలు ఇటువంటి పది గళ్ల ఆటను రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కొక్కసారి పదిహేను నిమిషాల చొప్పున ఆడితేనే, ఏ సంఖ్య పెద్దదో పోల్చడంలోనూ, సంఖ్యలను గీత మీద తగిన చోట పెట్టడంలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అంకెల బదులు రంగుల గళ్లతో ఆడిన పిల్లల్లో అది కనబడలేదు. ఇందులో ఒక కిటుకు ఉంది, అది తప్పితే ఆట మిగులుతుంది కానీ లెక్క మిగలదు. బాబు ఐదో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అని కాకుండా "ఆరు, ఏడు" అని గళ్లలోని అంకెలను పలుకుతూ జరగాలి. మొదట మీ వంతులో మీరు అలా పలకండి, అతను అందుకుంటాడు. వైకుంఠపాళి దీనికి బదులు కాదు. గళ్లు చాలా ఎక్కువ, పైగా వరుస వరుసకూ దిశ మారుతూ ఉండటం వల్ల నాలుగేళ్లవాడికి సంఖ్య పెరుగుతున్నదన్న సంగతి కళ్లకు కట్టదు. దాన్ని ఆరేళ్లకు దాచుకోండి.

అష్టాచెమ్మాను మాత్రం ఇప్పుడే బయటకు తీయండి. ఇరవై ఐదు గళ్ల పలకా, పూర్తి నియమాలూ తరువాతి మాట, ముందు గవ్వలు చాలు. నాలుగు గవ్వలు వేస్తే మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా పడవచ్చు, రెండు రెండుగా పడవచ్చు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఎన్ని వెల్లకిలా పడ్డాయో బాబు వేలు పెట్టి లెక్కపెట్టడు, చూడగానే చెబుతాడు, ఎందుకంటే మూడు నాలుగు వస్తువుల దాకా లెక్కపెట్టకుండానే ఎన్నో గుర్తుపట్టే శక్తి మనిషికి పుట్టుకతో వచ్చినదే. ఆ శక్తి మీదే మిగిలిన లెక్కను కట్టాలి. తరువాత మన అమ్మమ్మలు చేసిన పనే చేయండి. చింతపిక్కలను బండకేసి ఒక పక్క తెల్లగా అరగదీయండి. ఐదు పిక్కలు విసిరితే తెల్లవి మూడు, నల్లవి రెండు. మళ్లీ విసిరితే తెల్లవి ఒకటి, నల్లవి నాలుగు. ఐదు ఎన్ని విధాలుగా విడిపోతుందో అతని చేతులకు తెలిసిపోతుంది. కొన్నాళ్లకు తెల్లవి మాత్రమే చూపించి, నల్లవాటిని అరచేతితో మూసి "నా చెయ్యి కింద ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. ఐదుతో ఇది తేలికైపోయాక ఆరు, ఏడు అంటూ పదికి తీసుకెళ్లండి. ఒకటో తరగతిలో వేళ్లు మడవకుండా కూడికలు చేసే పిల్లలను నేను చాలామందిని గమనించాను, వాళ్లలో ఎక్కువమందికి పది ఎలా విడిపోతుందో కంఠతా కాకుండా కళ్లకు కట్టినట్టు తెలిసి ఉంటుంది.

వామనగుంటలు ఐదున్నరేళ్ల తరువాత బాగుంటాయి. చుక్కల ముగ్గు, రైతుబజారులో తక్కెడ, బియ్యం కొలిచే సోల, తవ్వ, ఇవన్నీ మంచివే. వాటికి ప్రత్యేక పాఠం అక్కర్లేదు, మీరు చేసే పనిలో బాబును పక్కన ఉంచుకుని, ఏది ఎక్కువ బరువుందో, ఎన్ని సోలలకు తవ్వ నిండుతుందో ముందు ఊహించమని ఆ తరువాత చూడమంటే సరిపోతుంది.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినవలసిన మాట. ఆటలు ఆడిస్తే లెక్కలు వాటంతట అవే వస్తాయని చెప్పేవాళ్లున్నారు. అది నిజం కాదు. ఢిల్లీలో 214 పూర్వప్రాథమిక కేంద్రాలలోని 1,540 మంది పిల్లలతో, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ సహకారంతో, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితర పరిశోధకులు చేసిన పరిశోధన 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. నాలుగు నెలల పాటు లెక్కల ఆటలు ఆడిన పిల్లలకు, చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువో పోల్చడం, ఆకారాల్లో తేడా పట్టడం వంటి సహజమైన నేర్పు పెరిగింది, ఏడాది దాటినా ఆ నేర్పు నిలిచింది. కానీ బడిలో అంకెలతో, గుర్తులతో చేసే లెక్కలకు ఆ లాభం చేరలేదు. చేతిలో ఉన్న తెలివి దానంతట అది కాగితం మీదికి నడిచిరాదు, మధ్యలో ఒక వంతెన కట్టాలి. ఆ వంతెన కట్టడమే పెద్దవాళ్ల పని. మీ బాబు విషయంలో బడి రెండో ఒడ్డు నుంచి మొదలుపెట్టింది, అంటే వంతెన లేకుండా కాగితం మీదనే ఉంచింది. ఒట్టి ఆటలతో ఆగిపోతే మీరు మొదటి ఒడ్డునే ఉండిపోతారు. రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు.

వంతెన ఎలా కట్టాలో ఒక ఆటతో చెబుతాను. 1980ల మొదట్లో ఎడిన్‌బరాలో మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకుడు పిల్లలతో డబ్బాల ఆట ఆడించాడు. దాన్ని మన వంటింటికి తగినట్టు నేను మార్చుకున్నాను. ఒకేలా ఉండే నాలుగు డబ్బాలు తీసుకుని, ఒకదానిలో ఒక పిక్క, ఒకదానిలో రెండు, ఒకదానిలో మూడు వేసి, ఒకదాన్ని ఖాళీగా ఉంచండి. మూతలు పెట్టి, తారుమారు చేసి, ఏ డబ్బాలో మూడున్నాయో ఊహించమనండి. కాసేపు ఊహించడం సరదాగా ఉంటుంది, తరువాత విసుగు పుడుతుంది. అప్పుడు ఒక కాగితం ముక్కా, పెన్సిలూ ఇచ్చి "మూత తీయకుండానే తెలిసేలా దీని మీద ఏదైనా వేయగలవా?" అని అడగండి. కొందరు పిక్కల బొమ్మలు వేస్తారు, కొందరు నిలువు గీతలు గీస్తారు, అంకెలు వచ్చినవాళ్లు అంకె రాస్తారు. ఖాళీ డబ్బా దగ్గర ఆగిపోతారు, అక్కడ వాళ్లు చేసే పని చూసి తీరవలసిందే. మా తరగతిలో ఒక బాబు కాగితాన్ని ఏమీ వేయకుండా అలాగే అంటించి, "ఏమీ లేవు కాబట్టి ఏమీ వేయలేదు" అన్నాడు. మరునాడు వచ్చి చూసుకుంటే, కాగితం అంటించాడో మరిచాడో తనకే అనుమానం వచ్చి, అప్పుడు సున్నా చుట్టాడు. అంతకు ముందు ఆ బాబు సున్నాను పుస్తకంలో ఎన్నోసార్లు రాసి ఉన్నాడు, కానీ దాని అవసరం అతనికి తెలిసివచ్చింది ఆ ఉదయమే. మీ బాబు యాభై దాకా రాయగలడు కాబట్టి ఈ వంతెన అతనికి త్వరగా పడుతుంది. రాత వచ్చు, ఆ రాతకు పని కల్పించడమే మిగిలింది. గవ్వల ఆటలో ఎవరికెన్ని వచ్చాయో పలక మీద వేయించండి, ఫ్రిజ్ మీద గుడ్ల లెక్క రాయించండి, చెప్పుల స్టాండు దగ్గర ఎన్ని జతలున్నాయో రాసి అంటించమనండి.

భాష గురించి కూడా ఒక మాట. బాబు ఇంగ్లిషు అంకెలే చెబుతాడని రాశారు. ఇంట్లో తెలుగు అంకెలను పోనివ్వకండి. ఇంగ్లిషులో థర్టీన్‌కూ థర్టీకీ తేడా పిల్లల చెవికి సులభంగా అందదు. తెలుగులో పదమూడు అనగానే పదీ, మూడూ వినబడతాయి. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ పదులు ముందు, ఒకట్లు తరువాత, రాసే క్రమంలోనే మాట సాగుతుంది. పదకొండు, పన్నెండు వంటివి కొంచెం పెడగా ఉన్నా, తెలుగులో స్థానవిలువ సగం మాటలోనే ఉంది. చీపురుపుల్లలను పదేసి చొప్పున రబ్బరుబ్యాండుతో కట్టి, రెండు కట్టలు, మూడు పుల్లలు చూపించి "ఇరవై మూడు" అనిపించండి. అర్థం ఒక భాషలో కుదురుకున్న తరువాత రెండో భాషలో పేరు నేర్చుకోవడం వారం రోజుల పని. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది, కానీ పైవాటన్నిటి ఫలితం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అది మనం ప్రశ్న అడిగే తీరు. ఒకే ప్రశ్నను వెంటవెంటనే రెండుసార్లు అడగవద్దు. అలా అడిగితే మొదటి జవాబు తప్పని పిల్లలు అర్థం చేసుకుని, సరైన జవాబును కూడా మార్చేస్తారు. రెండు సమానమైన వరుసల్లో ఒకదాన్ని ఎడంగా జరిపితే అందులోనే ఎక్కువ ఉన్నాయని చిన్నపిల్లలు చెబుతారని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చూపించిన ప్రయోగం టీచర్ శిక్షణలో అందరూ చదువుకున్నదే. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు అదే ప్రయోగంలో వరుసను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చేస్తే, చాలా ఎక్కువమంది పిల్లలు "సమానమే" అని సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి మళ్లీ అడుగుతున్నారంటే జవాబు కూడా మారాలేమోనని పిల్లలు అనుకోవడం సహజం. కాబట్టి ఒకసారి అడిగి ఊరుకోండి. మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకోండి. జవాబు తప్పయితే "తప్పు" అనకుండా, ఒప్పయితే "శభాష్" అనేసి వదిలేయకుండా, రెండు సందర్భాల్లోనూ "నీకెలా తెలిసింది?" అని ఒకే గొంతుతో అడగండి. చెబుతూ చెబుతూ తన తప్పును తానే దిద్దుకునే పిల్లలను మీరు మీ కళ్లతోనే చూస్తారు.

బడి విషయంలో గొడవ పెట్టుకోవద్దని నా సలహా. టీచరును కలిసి, రాతపని కాస్త తగ్గించి ఆ వేళ లెక్కపెట్టే పని ఇవ్వగలరేమో మెల్లగా అడగండి. ఇది మీ సొంత కోరిక కాదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటల ద్వారా, చేతితో చేసే పనుల ద్వారా సాగాలని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెబుతోంది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడికీ అర్థంతో చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. ఆ మాట చెబితే టీచరుకు కూడా యాజమాన్యంతో మాట్లాడే ధైర్యం వస్తుంది. తోటివాళ్లకంటే వెనకబడతాడేమో అన్న మీ ప్రశ్నకు జవాబు ఇది: ఆరు నెలల పాటు పుస్తకంలో పేజీలు తక్కువగా నిండవచ్చు, రెండో తరగతికి వచ్చేసరికి అరువు తెచ్చుకునే తీసివేతల దగ్గర ఆ తేడా తిరగబడటం నేను ఎన్నోసార్లు చూశాను.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు, అది కూడా బాబు ఇంకా ఆడదామంటుండగానే ఆపేయండి. ఒక ఆటను కనీసం వారం రోజులు మార్చకండి. ఐదున్నరేళ్లు దాటినా మూడు, నాలుగు వస్తువులు అడిగినన్ని తీయలేకపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించి, ముందు వినికిడి, చూపు పరీక్ష చేయించండి.

రెండు నెలల తరువాత మళ్లీ ఒకసారి ఆరుగురు భోజనానికి కూర్చున్న రోజు చెంచాలు తెమ్మనండి. గుప్పెడే తెచ్చినా, వాటిని బల్ల మీద పెట్టి తనే లెక్కపెట్టుకుని మిగిలినవి తిరిగి వంటింట్లో పెట్టి వస్తే, ఆ రోజుకు ఏమీ అనకుండా చూస్తూ ఉండండి. మరునాడు ఏడో మనిషిని భోజనానికి పిలవండి. అప్పుడు బాబు ఏం చేశాడో నాకు రాస్తే, తరువాత ఏ ఆటకు వెళ్లాలో దాన్నిబట్టి చెబుతాను.